మునగని చెయ్యి

మా ఊళ్లో బాప్తిస్మాలకి రోజు ఖాయం చేసేది మందిరం పెద్దలు కాదు, కాలువల శాఖ వాళ్లు. ఎగతాళికి అనడం లేదు. ఏప్రిల్లో ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపేశారంటే మా కాలువ వారం పదిరోజుల్లో బురదగుంటల వరస అయిపోయేది. మళ్లీ జూన్‌లో వదిలితేనే నీళ్లు. ఈలోగా ఎవరికి మారుమనస్సు కలిగినా ఆగాల్సిందే. తమాషా ఏమిటంటే ఎక్కువమందికి అది వేసవి సెలవుల్లోనే కలిగేది. కూటాలు, పిల్లల బైబిలు బడి, బయటి ఊళ్ల నుంచి ప్రసంగీకులు రావడం, అన్నీ మే నెలలోనే కదా.

చెరువు లేదా అంటే ఉంది. కాలువ కట్టేసే ముందు నింపి పెట్టుకున్న మంచినీళ్ల చెరువు. ఊరంతా బిందెలతో మోసుకుని తాగే నీళ్లలోకి పదిమంది దిగుతామంటే ఎవరు ఊరుకుంటారు? ఊరుకోకూడదు కూడా. మా పేటవాళ్లు ఆ చెరువులో బిందె ముంచుకునే రేవే వేరుగా ఉండేది, అది మరో కథ. పోనీ నర్సాపురం వెళ్లి గోదాట్లో దిగుదామంటే, ఎండాకాలం అక్కడ పోటు మీద ఉప్పునీళ్లు, పాటు మీద మోకాలిలోతు ఒండ్రు. కాబట్టి జూన్ దాకా ఎదురుచూపులే. "కాలువ వదిలారంట" అన్న మాట రైతులకి ఎంత సంబరమో, మందిరంలో పేరిచ్చుకున్నవాళ్లకి అంత గుండెదడ.

పాలకొల్లుకీ నర్సాపురానికీ మధ్య కాలువ గట్టునున్న ఊరు మాది. 1987 జూన్‌లో, కాలువ వదిలిన రెండో ఆదివారం, నాకు బాప్తిస్మం అయింది. అదే రోజు మా మామ్మకి కూడా. నాకు పదిహేడు, ఆవిడకి అరవై దాటాయి. నా సంగతిలో పెద్దగా చెప్పుకునేదేం లేదు, అందరి పిల్లల్లాగే. కథంతా మామ్మదే.

మాది బ్రదరన్ మందిరం. 1836లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన విలియం బౌడన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు కుటుంబాలతో సహా మా డెల్టాలో కాపురం పెట్టి, నర్సాపురం, పాలకొల్లు కేంద్రాలుగా మొదలుపెట్టిన పని అది. అప్పటికి కాటన్ దొర ఆనకట్టే లేదు. దాన్ని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారు. అంటే మా వైపు కాలువల కంటే సువార్తే ముందొచ్చింది. మరి అప్పుడు ఎక్కడ ముంచేవారు నాన్నా అని చిన్నప్పుడు అడిగితే, గోదారి ఉండగా కాలువ కోసం ఆగుతారేంటే పిచ్చిపిల్లా అనేవాడు.

బ్రదరన్ వాళ్లకి పాస్టరు ఉండడు, పెద్దలుంటారు. ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. బాప్తిస్మం తీసుకుని సహవాసంలో చేరినవాళ్లు బల్ల దగ్గరగా ముందు కూర్చుంటారు, తీసుకోనివాళ్లు వెనక. రొట్టె పళ్లెం, ద్రాక్షరసం గిన్నె ముందు వరసల్లో చేతులు మారి మళ్లీ బల్ల మీదికి పోతాయి. అవి ఎక్కడ ఆగి వెనక్కి తిరిగేవో అక్కడి నుంచి మొదలయ్యేది మా చాప. ఆ చాప మీద మామ్మ, పక్కన అమ్మ, ఆ పక్కన మేం పిల్లలం.

మామ్మ పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ మందిరానికి వచ్చేది. అక్షరం ముక్క రాదు గానీ పాటలన్నీ నోటికొచ్చు. ఎవరైనా చరణం మధ్యలో తడబడితే వెనక చాప మీది నుంచి మామ్మ గొంతే అందుకునేది. ఉపవాస ప్రార్థనలకి అందరి కంటే ముందొచ్చి దీపం బుడ్డి తుడిచేది. వారం పొడుగునా లేసు అల్లి, దళారీ ఇచ్చిన డబ్బుల్లో పదో వంతు కొంగున ముడేసి, ఆదివారం చందాసంచిలో వేసేది. నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్లకి ఆ లేసు అల్లకం నేర్పింది కూడా ఒకప్పటి మిషనరీల ఇంటి ఆడవాళ్లే. అన్నిట్లోనూ ముందుండే మనిషి, కూర్చునేది మాత్రం వెనక. తాతయ్య ముందు వరసలో, ఆవిడ వెనక. తాతయ్య పోయాకా వెనకే.

అమ్మ వెనక కూర్చోవడానికి కారణం వేరే. ఆవిడ పుట్టిల్లు భీమవరం వైపు, లూథరన్ కుటుంబం. నెలన్నర పిల్లగా ఉన్నప్పుడు గుళ్లో అయ్యగారు తల మీద మూడుసార్లు నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చారు. పెద్దయ్యాక కన్ఫర్మేషన్ అయింది, అంటే గుళ్లో తన నోటితో తనే విశ్వాసం ఒప్పుకుని, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే బల్లలో చేరింది. అంతా సవ్యంగా జరిగిందనుకుంటుండగా మా నాన్నకిచ్చి చేశారు. ఇక్కడి పెద్దలు, "అది బాప్తిస్మం కాదమ్మా, నీకు ఊహ తెలిసి, నువ్వు నమ్మి, నువ్వు మునగాలి" అన్నారు. అమ్మ వాదించలేదు. మునగనూ లేదు. క్రిస్మస్‌కీ ఈస్టరుకీ భీమవరం వెళ్లి అక్కడ బల్లలో పాలుపొంది వచ్చేది. తక్కిన ఆదివారాలు అత్త పక్కన వెనక చాప.

ఈ గొడవ మా ఇంట్లో భోజనాల దగ్గర ఎన్నిసార్లు నడిచిందో. మా మేనమామ భీమవరం నుంచి వచ్చాడంటే చాలు. బాప్తిస్మం పాఠాలు చెప్పే పెద్దాయన ప్రాథమిక బడిలో మేష్టారు, మందిరంలోనూ ఆయన్ని అందరం మేష్టారు గారనే అనేవాళ్లం. ఇద్దరూ స్నేహితులే, ఇద్దరికీ కోడికూర అంటే ప్రాణమే. వాదం కూర వడ్డించాక మొదలయ్యేది.

"గ్రీకులో బాప్తిజో అంటే ముంచడం అండి. బట్టని నీలిమందులో ముంచితే రంగొస్తుంది. చిలకరిస్తే మచ్చలొస్తాయి" అనేవారు మేష్టారు గారు.

"పెంతెకొస్తు రోజున మూడు వేల మందికి ఇచ్చారు కదండీ. యెరూషలేములో మీ నర్సాపురం కాలువుందేంటండీ?" అనేవాడు మావయ్య.

దానికి మేష్టారు గారి దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఒంగోలు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్కరోజులో 2,222 మందికి ముంచి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ. అంతకు ముందు రెండేళ్లు ఘోరమైన కరువు. కరువు పనికింద బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల ముక్క తవ్వించే కాంట్రాక్టు క్లౌ తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని అన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాకే నీళ్లలో దింపాడు. "కాలువ తవ్వినవాళ్లండీ వాళ్లు. ముంచడానికి టైము చాలదంటారా?" అని మేష్టారు గారు చెయ్యి కడుక్కోవడానికి లేచేవారు.

మావయ్య ఊరుకునేవాడా? "ఫిలిప్పీలో చెరసాల నాయకుడి ఇంటిల్లిపాదికీ అర్ధరాత్రి ఇచ్చారు. ఆ ఇంట్లో ఒక్క పసిగుడ్డు కూడా లేదంటారా?" అని పెరట్లోకి వెంటపడేవాడు.

ఇద్దరి మాటలూ విని ఎవరు గెలిచారో మాకు అర్థమయ్యేది కాదు. ఇప్పటికీ నాకు ముంచడమే లేఖనానికి దగ్గరగా కనిపిస్తుంది. రోమా పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు చెప్పింది పాతిపెట్టబడడం గురించి కదా, తల మీద చెంబెడు నీళ్లతో పాతిపెట్టిన బొమ్మ రాదు. కానీ ఒకసారి గిన్నెలు తోముతూ అమ్మ అన్న మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. "నెలన్నర పిల్లకి ఏం తెలుసని తల్లి పాలిస్తుందే? తెలిసాక ఇద్దామని ఆగుద్దా? నేను ఆయన్ని పట్టుకోలేదు. ఆయనే నన్ను పట్టుకున్నాడు."

మా వీధి చివర ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్ వాళ్ల ఇళ్లు రెండు ఉండేవి. వాళ్లు దీన్నే జ్ఞానస్నానం అంటారు, పిల్లకి జ్ఞాన తల్లిదండ్రుల్ని పెడతారు. మామ్మకి ఆ మాట నచ్చేది. "స్నానం అంటే బావుంది. మునగడం అంటేనే నాకు చచ్చే భయం" అనేది. అందరూ నవ్వేవాళ్లు. అది నవ్వులాట కాదని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

మామ్మ పుట్టిల్లు లంకలో. వశిష్ఠ గోదారి అవతల, రాజోలు వైపు. లంకల్లో పుట్టినవాళ్లు నడక కంటే ముందు ఈత నేర్చుకుంటారంటారు. ఆవిడా ఈదేదట. 1953 ఆగస్టులో పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లినప్పుడు వరద వచ్చింది. ఆ వరద మాట మా ముసలివాళ్లంతా చెప్పుకునేవారు, 1986 వచ్చేదాకా వాళ్లకి కొలబద్ద అదే. రాత్రిపూట ఇంట్లోకి నీళ్లొస్తే ఇంటి చూరు పట్టుకుని పైకెక్కారు. మా నాన్నని మేనమామ పైకి లాగాడు. చంటిదాన్ని అమ్మమ్మ ఎత్తుకుంది. మూడో వాడు, మూడేళ్లవాడు, మామ్మ చేతిలో.

ఒక్కసారే చెప్పింది నాకు. లేసు అల్లుతూ, తలెత్తకుండా. "పట్టుకున్న చెయ్యి జారిపోయిందమ్మా" అంది. అంతే. మళ్లీ సూదికి దారం చుట్టుకుంది.

ఆ తర్వాత మామ్మ గోదారి దాటాలంటే పంటు మధ్యలో కళ్లు మూసుకుని కూర్చునేది. కాలువ రేవులో బట్టలుతికినా రెండో మెట్టు దాటి దిగేది కాదు. మందిరం పెద్దల్లో ఒకరిద్దరు ఆవిడ గురించి "విశ్వాసం ఇంకా బలపడలేదు" అనేవారు. ఆ మాట ఆవిడ చెవిన పడేది కూడా. కారణం చెప్పేది కాదు. ఫిలిప్పు, ఐతియొపీయుడైన నపుంసకుడి కథ మీద ప్రసంగం అయినప్పుడు, అతను దారిలో నీళ్లు కనిపించగానే బాప్తిస్మానికి నాకేం ఆటంకమని అడిగి రథం దిగాడని ప్రసంగీకుడు గొంతెత్తి చెప్పగానే, వెనక చాప మీద మామ్మ నా చెవిలో, "ఆయనది లంక కాదు కదా" అంది. నేను నవ్వాపుకోలేక అమ్మ చేత తొడపాశం తిన్నాను.

1986 ఆగస్టులో గోదారి మళ్లీ వచ్చింది. 1953ని మించి వచ్చింది. లంకల వాళ్లు కట్టుబట్టలతో మా వైపు వచ్చారు, మందిరం నిండా మనుషులు. మామ్మ తమ్ముడి కుటుంబం మా ఇంట్లోనే నెల పైగా ఉంది. ఆ నెలంతా మామ్మ పెద్ద అండాలో గంజి కాస్తూ, ఎవరి పిల్లలో తెలియని పిల్లలకి ఒళ్లు తుడుస్తూ తిరిగింది. ఏడవలేదు, భయపడలేదు. సంక్రాంతి వెళ్లిన వారానికి మేష్టారు గారు వచ్చి, జూన్‌కి నా పేరు రాసుకుంటుంటే, మామ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడి, "నా పేరు కూడా రాసుకోండి" అంది.

మేష్టారు గారి చేతిలో పెన్ను ఆగిపోయింది. "నిజంగా అంటున్నారా వదిన గారూ?"

"ఆయ్. మళ్లీ వచ్చింది కదండీ. ఇంకెన్నాళ్లు దీనికి జడిసి బతుకుతాను?"

నా పేరు రాసుకోవడం మాత్రం అంత తేలిగ్గా కాలేదు. నాన్నకి ఇష్టమే, కానీ "ఇంటర్ అయ్యి సీటొచ్చాక చూద్దాం" అని రెండేళ్లుగా నెడుతున్నాడు. మా బోటి కుటుంబాల్లో అందరికీ తెలిసిన టెన్షనే ఇది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకి ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకి 1956లో ఇచ్చారు, బౌద్ధులకి 1990లో ఇచ్చారు, మనవాళ్లకి లేదు. మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే ఒకే పిల్లకి బళ్లో లక్ష్మి అని, మందిరంలో మేరీ అని రెండు పేర్లు. నీళ్లలో దిగడానికి జలగలకి జడిసినవాళ్ల కంటే కాగితానికి జడిసినవాళ్లే ఎక్కువ మా తరంలో. వాళ్లని తప్పుపట్టే మొహం నాకు లేదు. చివరికి నాన్న మెత్తబడింది మామ్మ మాటకే. "అది నాతోపాటు దిగుద్ది" అంది, అయిపోయింది.

బుధవారం సాయంత్రాలు పాఠాలు. మేష్టారు గారు చెప్పేది ముఖ్యంగా ఒకటే: నీళ్లు రక్షించవు. రక్షణ నమ్మినప్పుడే అయిపోయింది. ఇది పదిమంది ముందు చెప్పే సాక్ష్యం. వెల్లకిలా ముంచడం సమాధి చెయ్యడానికి గుర్తు, లేపడం క్రీస్తుతో లేవడానికి గుర్తు. "మునిగినప్పుడు పాత మనిషి చచ్చిపోయాడని తలుచుకోండి" అనేవారు. మామ్మ శ్రద్ధగా విని, ప్రతి బుధవారం అదే ప్రశ్న అడిగేది. "ఎంతసేపుంచుతారండీ లోపల?" ఆయన ప్రతి బుధవారం అదే జవాబు. "మూడు లెక్కపెట్టే లోపు లేపుతానండీ." ఇంటికొచ్చాక మామ్మ ముక్కు మూసుకుని ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టుకునేది. మూడు దాకా బాగానే పోయేది. కళ్లు మూసుకుని మంచం మీద వెల్లకిలా వాలమంటే మాత్రం ఒళ్లంతా బిగదీసుకునేది.

ఆ శనివారం సాయంత్రం కుర్రాళ్లు రేవులో గుర్రపుడెక్క తీసేసి, నడుంలోతు దగ్గర రెండు వెదురు గడలు పాతారు. ఆదివారం తెల్లవారుజామున మందిరం నుంచి డోలకు, తాళాలతో పాడుకుంటూ గట్టు మీద నడిచాం. నాకు అమ్మ దగ్గరుండి చీర కట్టింది. తెల్లచీర తడిస్తే ఒంటికి అంటుకుపోతుందని లోపల ముదురు నీలం లంగా, మోచేతుల దాకా జాకెట్టు, నీళ్లలో తేలకుండా కుచ్చిళ్లకి నాలుగు పిన్నీసులు. తను ఒప్పుకోని బాప్తిస్మానికి అంత జాగ్రత్తగా పిన్నీసులు పెట్టిన మనిషిని నేనెక్కడా చూడలేదు. తర్వాత అదే శ్రద్ధతో అత్తకి కట్టింది.

రేవులో అప్పటికే బట్టలుతికేవాళ్లు వచ్చి ఉన్నారు. పాట వినగానే మూటలు పక్కకి జరుపుకుని, చూడ్డానికి నిలబడిపోయారు. గట్టు మీద నర్సాపురం బస్సు నెమ్మదిగా పోయింది, కిటికీల్లోంచి తలకాయలు. కొత్తనీళ్లు కదా, ఎర్రగా, చల్లగా ఉన్నాయి. ముందు మగపిల్లలు ముగ్గురు. తర్వాత నేను.

మేష్టారు గారు నడుంలోతులో, పక్కన మరో సహోదరుడు. "యేసుక్రీస్తుని నీ సొంత రక్షకుడిగా అంగీకరించావామ్మా?" "అంగీకరించానండి." "తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామములోనికి..." మిగతాది నీళ్లు మింగేశాయి.

ఉన్నదున్నట్టు చెబుతాను. లోపల నేను పాత మనిషి చావు గురించి తలుచుకోలేదు. చెవుల్లోకి నీళ్లు పోయి పాట ఠక్కున ఆగిపోయింది, ముక్కులోకి ఒండ్రు వాసన వచ్చింది, గట్టు మీద వదిలిన నా కొత్త చెప్పులు ఎవరైనా పట్టుకుపోతారేమో అనిపించింది. అంతే. లేచేసరికి అందరూ "హల్లెలూయ" అంటున్నారు. యేసు యొర్దానులోంచి లేచినప్పుడు ఆకాశం తెరుచుకుంది, నాకేమో చెప్పులు గుర్తొచ్చాయి. చాలా ఏళ్లు ఎవరికీ చెప్పుకోలేదు ఈ సంగతి. తర్వాత తెలిసింది, అడిగితే అందరికీ ఇలాంటిదే ఏదో ఒకటి ఉంటుంది. మా తమ్ముడికి ఆకలి గుర్తొచ్చిందట.

ఒడ్డున ఆడవాళ్లు దుప్పటి అడ్డం పట్టుకుని నా కోసం ఎదురుచూస్తున్నారు. నేను మెట్ల దాకా వచ్చాను. మామ్మ రెండో మెట్టు మీద ఉంది, ఎప్పుడూ ఆగే చోటే. మోకాళ్లు వణుకుతున్నాయి. నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఎక్కకు. నాతో రా" అంది.

ఆడపిల్ల మళ్లీ నీళ్లలోకి దిగడం పద్ధతి కాదని ఒడ్డున ఎవరో గొణిగారు. మేష్టారు గారు రమ్మని తల ఊపారు. మూడో మెట్టు. నాలుగో మెట్టు. ఒండ్రులో కాలు దిగబడినప్పుడల్లా మామ్మ నా వేళ్లు నలిగిపోయేలా పట్టుకునేది. వెదురు గడ దగ్గరికి వచ్చాక మేష్టారు గారు ప్రశ్న అడిగారు. అంత భయంలోనూ మామ్మ గొంతు పాట ఎత్తుకున్నట్టే పలికింది. "అంగీకరించానండి. ఎప్పుడో అంగీకరించానండి."

ఆయన ఆవిడ కుడిచెయ్యి గుండెల మీద పెట్టించి, మెడ కింద చెయ్యేసి వెనక్కి వాల్చారు. తల మునిగింది, తెల్ల జుట్టు మునిగింది, మోకాళ్లు మునిగాయి. ఎడమచెయ్యి మాత్రం మునగలేదు. అది నీళ్ల పైన, నా చేతిలో ఉంది. వదలమని నేను అనలేదు. ఆవిడా వదల్లేదు. ఒకటి, రెండు, మూడు. లేపేశారు.

లేవగానే మామ్మ ఊపిరి పీల్చుకుని, ముందు తన చేతికేసి చూసుకుంది. తర్వాత నా మొహంకేసి చూసింది.

ఒడ్డు మీది నుంచి ఒక పెద్దాయన, "చెయ్యి మునగలేదండీ!" అన్నాడు. పాట ఆగిపోయింది. బట్టలుతికేవాళ్లు కూడా ఆసక్తిగా ముందుకొచ్చారు. సంపూర్ణంగా మునగాలి అన్నది మా వాళ్ల దగ్గర చిన్న విషయం కాదు. ఆ లెక్కన మళ్లీ ముంచాలి. మామ్మ మొహంలో రక్తం లేదు. నీలిమందు పోలిక చెప్పిన మేష్టారు గారు ఏమంటారో అని నేను చూస్తున్నాను.

ఆయన మొహం మీది నీళ్లు తుడుచుకుని, ఒడ్డుకేసి చూసి, "ప్రశ్న అడిగింది ఆవిణ్ణి అండి, చేతిని కాదు. పాట ఎత్తుకోండి" అన్నారు.

దుప్పటి చాటున అమ్మ మామ్మకి తల తుడిచింది. ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదు. వేడివేడి టీ ఇచ్చారు, మామ్మ రెండు గ్లాసులు తాగింది. ఆ పొద్దున్నే ఆరాధనలో మామ్మా నేనూ ముందు వరసకి మారాం. రొట్టె పళ్లెం మామ్మ చేతికొచ్చినప్పుడు ఎంత తుంచుకోవాలో తెలియక పెద్ద ముక్కే తుంచేసింది. నేను మాత్రం వెనక్కి తిరిగి చూశాను. చాప మీద అమ్మ ఒక్కతే ఉంది, చిన్నవాణ్ణి ఒళ్లో పెట్టుకుని. ఆ పిన్నీసులు పెట్టిన మనిషిని వెనక కూర్చోబెట్టి నేను ముందు కూర్చోవడం ఆ రోజే నాకు ఇబ్బందిగా అనిపించింది. ఇప్పటికీ పెద్దల దగ్గర ఆ మాట అంటాను, వాళ్లు వాక్యం చూపిస్తారు, నేను గుర్తుపెట్టుకున్న వాక్యం నేను చూపిస్తాను, టీ తాగి వచ్చేస్తాను.

మామ్మ చెయ్యి సంగతి అంతటితో ఆగలేదు. ఒకరిద్దరు పెద్దలకి ఆ బాప్తిస్మం చెల్లుతుందా అని చాలాకాలం మనసులో పీకుతూనే ఉంది. మావయ్యకైతే పండగే. "మునిగినంత మేర మీ లెక్క, ఆ చేతికి మాత్రం మా అయ్యగారు చిలకరిస్తారు, సరిపోద్ది" అనేవాడు. మేష్టారు గారు కోడికూర వైపు దృష్టి మళ్లించేవారు. మామ్మ మాత్రం ఆ చేతిని తెగ వాడుకుంది. మేం అల్లరి చేస్తే ఎడమచెయ్యి ఎత్తి, "ఇది మునగని చెయ్యిరా, దీనికింకా పాత స్వభావం పోలేదు" అని వీపు మీద ఒకటిచ్చేది. చిట్టీల మనిషి డబ్బులు ఎగ్గొట్టబోతే ఆ చెయ్యే చూపించి బెదిరించింది.

బాప్తిస్మం అయినా కాలువంటే భయం పోలేదు. మళ్లీ రెండో మెట్టు దగ్గరే ఆగేది. నేను అడిగితే, "చచ్చి లేవడం ఒక్కసారే కదా, రోజూనా?" అంది.

ఇప్పుడు మందిరంలోనే టైల్సు వేసిన తొట్టి కట్టారు. మోటారు వేస్తే గంటలో నిండుతుంది, ఏ నెలలోనైనా బాప్తిస్మం ఇవ్వొచ్చు. పిన్నీసుల అవసరం లేకుండా మందపాటి అంగీలు కూడా కుట్టించారు. సౌకర్యంగానే ఉంది. కాలువలో ఇప్పుడు పారే నీళ్లు చూస్తే నా కూతుర్ని అందులో ముంచడానికి నేనూ ఒప్పుకోను.

మామ్మ పోయినప్పుడు నాకు పాతికేళ్లు దాటాయి. పెట్టెలో పెట్టే ముందు ఇంటి ఆడవాళ్లం స్నానం చేయించాం. పెరట్లో బల్ల మీద పడుకోబెట్టి, వేణ్ణీళ్లు చల్లార్చి, పెద్దత్త తల తుడుస్తుంటే నేను నీళ్లు అందిస్తున్నాను. తను అల్లిన లేసు దుప్పటే కప్పమని మామ్మ ముందే చెప్పి ఉంచింది, అది పక్కన మడిచి ఉంది. అంతా అయిపోయిందనుకున్నాక అమ్మ నా చేతిలోంచి చెంబు తీసుకుంది. మామ్మ ఎడమచెయ్యి తన అరచేతిలో పెట్టుకుని, దాని మీద నీళ్లు పోసింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

"తువ్వాలు ఇటివ్వు" అంది.